మబ్రూక్ దిద్దిన యుద్ధం

రుస్తాఖ్,
12 జనవరి 2024

మామకు, అత్తకు మల్లీశ్వరి దండాలు.

నా ఒంట్లో అంతా బాగుంది, ఒక్క మోకాలు తప్ప. అది నీ చెల్లెలి దగ్గర్నుంచి నాకు వచ్చిన ఆస్తి, ఏం చేస్తాం. ఫోన్ చేస్తే సగం మాట నీ చెవికి పోతుంది, సగం సిగ్నల్‌కి పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మూడు వారాలు పట్టినా ఇదైతే నీకు పూర్తిగా చేరుతుంది.

ఇంట్లో కొత్త పని ఒకటి నా నెత్తిన పడింది. నేను వంట చేసే ఇంటి పెద్దాయన హిలాల్ బాబా ఒకప్పుడు సైన్యంలో ఆఫీసరని చెప్పాను కదా. ఇప్పుడు డెబ్భై మూడేళ్ళు. యాభై ఏళ్ళ కింద ఈ ఒమాన్ దేశంలో దక్షిణాన, సలాలా వెనక కొండల్లో, ఈ దేశం వాళ్ళు ఈ దేశం వాళ్ళతోనే కొట్టుకున్నారట. ఆ యుద్ధంలో బాబా చేతికింద ముప్పై మంది నల్ల సైనికులు ఉండేవాళ్ళట. ఆ సంగతులన్నీ ఇప్పుడు పుస్తకంగా రాయిస్తున్నాడు. పేరు కూడా పెట్టేశాడు, 'నా నల్ల సైనికులు' అని.

చెయ్యి వణుకుతుంది కాబట్టి ఆయన రాయలేడు. నోటితో చెప్తాడు. నేను ఫోన్‌లో రికార్డు నొక్కాలి, ఆపమంటే ఆపాలి. పదకొండేళ్ళలో అరబ్బీ వినడం, మాట్లాడడం వచ్చింది గానీ రాయడం రాలేదు. ఆ రికార్డును ఘాలాలో టైపింగ్ దుకాణం పెట్టుకున్న నసీరుద్దీన్‌కు పంపిస్తాను. నిజామాబాద్ వాడు, మదరసాలో అరబ్బీ చదువుకున్నాడు. అతను టైపు చేసిన కాగితాలను బాబా కూతురు షంసా శుక్రవారం శుక్రవారం తన కారులో తెస్తుంది.

బాబా కుర్చీలో కూర్చుని చెప్పడు మామా. నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చెప్తాడు, నేను ముప్పై ఒకటో సైనికుడినైనట్టు. మధ్యలో దగ్గు వస్తే అది కూడా ఆర్డరు లాగే ఉంటుంది. నువ్వూ సైన్యంలో చేశావు కదా, ఆఫీసర్లంతా ఇంతేనా? నీకు తోచింది రాయి. చలికి నీ కాలు లాగుతూ ఉంటుంది, తూటా తగిలిన చోట నువ్వుల నూనె పట్టించుకో.

మా అమ్మాయి ఆశ తిరుపతిలో నర్సింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. సెలవులకు మీ ఇంటికే వస్తానంది. దానికి ఉలవచారు చేసిపెట్టమని అత్తకు చెప్పు.

నీ మేనకోడలు
మల్లీశ్వరి


చింతలకుంటపల్లె,
4 ఫిబ్రవరి 2024

చిరంజీవి మల్లీశ్వరికి మామ ఆశీస్సులు.

ఇక్కడ మీ అత్త కాశమ్మ హాజరు, బర్రె హాజరు, చెనిక్కాయ పంట గైర్హాజరు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు భయంగా ఉంది. నల్ల సైనికులంటే నల్లబట్టలు వేసుకుని, ముఖానికి ముసుగు కట్టుకునే కమాండోలే కదా. అటువంటి వాళ్ళ రహస్యాలు వంటమనిషి ఫోన్‌లో ఉండడమేమిటి? పైగా వాటిని ఒక దుకాణానికి పంపిస్తున్నావు. రేపు ఎవరైనా పట్టుకుంటే మీ ఆఫీసరు నిన్ను చూపించి తప్పుకుంటాడు. ఆఫీసర్లంతా ఇంతేనా అని అడిగావు కదా. అంతే.

సైనికుడన్నవాడు యుద్ధం సంగతులు బయట చెప్పరాదు. ఇరవై రెండేళ్ళు సర్వీసు చేసిన నేను ఎవరికైనా చెప్పానా? నా కాలి సంగతి తప్ప ఏమైనా చెప్పానా? అది కూడా పంద్రాగస్టుకు బడిలో పిల్లలు అడుగుతారు కాబట్టి చెప్తాను.

బడి అంటే గుర్తుకొచ్చింది. హెడ్మిస్ట్రెస్ సునీత మేడం కొత్తగా స్టేజీ కట్టిస్తోంది. పంద్రాగస్టుకు తెరుస్తారు. దానికి 'హవల్దార్ చెన్నయ్య వేదిక' అని పేరు పెడతారట. నేను వద్దనలేదు. శ్రీలంకలో నా కాలికి తూటా తగిలిన వైనం రాతి మీద చెక్కిస్తాం, నాలుగు వాక్యాల్లో రాసివ్వమంది. పదకొండు పేజీలు రాసి ఇచ్చాను. "సార్, ఇంత రాయి కడప జిల్లాలో యాడ దొరుకుతాది?" అంటోంది. తగ్గించడం నావల్ల కావడం లేదు. ఏ పేజీ తీసినా యుద్ధం ఓడిపోయినట్టుంది.

ఆ కమాండోల జోలికి పోవద్దు. వంట వరకే చూసుకో.

మీ మామ
హవల్దార్ చెన్నయ్య (రిటైర్డ్)


రుస్తాఖ్,
26 ఫిబ్రవరి 2024

మామకు దండాలు. ఉత్తరం అందింది. అది చదివి నేను నవ్వుతుంటే షంసా వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

నల్ల సైనికులంటే కమాండోలు కాదు మామా. ఒంటి రంగు. వాళ్ళ తాతముత్తాతలను ఎప్పుడో ఆఫ్రికా నుంచి పడవల్లో తెచ్చారు. కొందరిని కొని తెచ్చారట. వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టి ఈ దేశం వాళ్ళయ్యారు. ముసుగులేమీ లేవు. వాళ్ళలో ఒకాయన మా ఇంటి వెనకే ఉంటాడు. పేరు మబ్రూక్. డెబ్భై ఏడేళ్ళు. ఆరు మేకలు, ఒక చిన్న ఖర్జూరపు తోట. రోజూ పదకొండింటికి వచ్చి మా అరుగు మీద కూర్చుని కహ్వా తాగుతాడు, ఇక్కడి కాఫీ అది. ఇప్పటికీ బాబాను 'సయ్యిదీ' అనే పిలుస్తాడు. అంటే మన 'సార్' అన్నట్టు. బాబా లోపల నిలబడి చెప్పేదంతా కిటికీలోంచి వింటూ ఖర్జూరాలు తింటాడు.

ఇప్పుడు జరిగింది విను. పోయిన సోమవారం బాబా చెప్తూ చెప్తూ నమాజు వేళ కావడంతో కాళ్ళు చేతులు కడుక్కోవడానికి పోయాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను ఫోన్ ఆపడం మరిచిపోయి వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి మబ్రూక్ బాబా లోపలికి వచ్చి కూర్చున్నాడు. కాసేపు మాట్లాడుకున్నాం. ఆ రికార్డు ఘాలాకు పోయింది. నసీరుద్దీన్ మొత్తం టైపు చేశాడు. శుక్రవారం కాగితాలు వచ్చాయి. బాబా అల్లుడు, ఇద్దరు చుట్టాలు ముందుగది మజ్లిస్‌లో కూర్చుని ఉంటే, వాళ్ళ ముందు బాబా కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నేను కహ్వా పోస్తున్నాను. ఆయన చదివింది ఇది:

'మూడు రోజులుగా కొండ మీద నీళ్ళు లేవు. నా బిడ్డల్లాంటి ఆ నల్లవాళ్ళు నా ముఖం చూసి ఏడ్చారు. నేను వాళ్ళకు తండ్రిని. ఒంటరిగా లోయలోకి దిగి, తూటాల మధ్య నుంచి నీళ్ళు మోసుకొచ్చాను. మల్లీ, ఆపు, నమాజుకు వేళయింది. పోయాడా? పోయాడు. ఆయన దిగలేదు మల్లీ. ఆ రోజు ఆయనకు విరేచనాలు. పదిహేడు సార్లు. నేను లెక్కపెట్టాను. నెమ్మదిగా మాట్లాడు మబ్రూక్ బాబా. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు నాకు తండ్రి ఎట్లా అవుతాడు? హల్వా లేదా? ఉంది, షంసా బీరువాలో దాచింది.'

పదిహేడు అన్న దగ్గర ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆయన ఆఫీసరు కదా, మొదలుపెట్టింది హల్వా దాకా చదివేశాడు. ఎవరూ నవ్వలేదు. అల్లుడు మాత్రం గిన్నెలో ముఖం పెట్టి చాలాసేపు కహ్వా తాగాడు, గిన్నెలో కహ్వా లేకపోయినా.

"ఈ టైపు చేసినవాడు తాగుబోతు" అని బాబా కాగితాలు మడిచాడు.

నసీరుద్దీన్‌కు ఫోన్ చేసి అడిగాను. "అక్కా, నా పని యినుడు, కొట్టుడు. ఎవలు సక్కగ చెప్తున్రో, ఎవలు కోతలు కోస్తున్రో నాకేమెరుక?" అన్నాడు.

మామా, ఒక మాట అడుగుతాను. సభల్లో నిలబడి చెప్పే యుద్ధం కథల్లో ఎంత నిజముంటుంది? నీలాంటి అసలైన సైనికుడికే తెలియాలి. ఇన్నేళ్ళు జనం చేత చప్పట్లు కొట్టించుకుని, ఈయనకు కాస్త కూడా సిగ్గు వేయదా?

నీ మేనకోడలు
మల్లీశ్వరి


చింతలకుంటపల్లె,
19 మార్చి 2024

మల్లీశ్వరికి,

నీ ఉత్తరం చేరింది. చివరి నాలుగు వరసలు ఎవరిని ఉద్దేశించి రాశావో అర్థం చేసుకోలేనంత ముసలివాణ్ణి కాలేదు. నీకు చదువు చెప్పించింది నేను, పెళ్ళిలో నీ కాళ్ళకు పారాణి పెట్టించింది నేను. సభలు, చప్పట్లు, సిగ్గు. ఒక ఒమాన్ ముసలాయన్ని అడ్డం పెట్టుకుని సొంత మేనమామను పొడుస్తావా? అసలు ఆ హిలాల్ బాబా అనేవాడు ఉన్నాడా అని నాకు అనుమానంగా ఉంది. ఆ పదిహేడు సార్లన్నది కూడా నీ కల్పనే అయి ఉంటుంది.

సరే. నీకు కోడి విషయం తెలిసిందన్నమాట. ఎవరు చెప్పారు? మన ఊళ్ళో ఎవరికీ తెలియదు. రెజిమెంటులో తెలిసినవాళ్ళు నలుగురే. ముగ్గురు పోయారు, నాలుగోవాడు నేను.

వేదిక కట్టడం పైకప్పు దాకా వచ్చింది. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే నేను ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. జవాబు రాయనక్కర్లేదు.

చెన్నయ్య


రుస్తాఖ్,
22 ఏప్రిల్ 2024

మామా, ఏ కోడి?

నా మీద ఒట్టు, నాకే కోడి సంగతీ తెలియదు. నేను రాసింది హిలాల్ బాబా గురించే. ఆయన ఉన్నాడు. ఈ ఉత్తరంతో ఆయన ఫోటో పెడుతున్నాను. పక్కన కహ్వా పళ్ళెం పట్టుకున్న చెయ్యి నాదే, గాజులు చూసి గుర్తుపట్టు. జవాబు రాయొద్దన్నావు గానీ కోడి అన్నాక ఎట్లా ఊరుకోను? అదేమిటో చెప్పు.

ఇక్కడ నా పరిస్థితి బాగాలేదు. నీతో కాకపోతే ఎవరితో చెప్పుకుంటాను.

ఆ శుక్రవారం తర్వాత మబ్రూక్ బాబా నాతో అన్నాడు: "నన్ను పుస్తకంలో వెయ్యకపోయినా ఫర్వాలేదు మల్లీ. నీళ్ళు ఆయనే తెచ్చాడని రాసుకోనీ. కానీ 'ఇద్దరు నల్లవాళ్ళు పోయారు' అని ఒక వరసలో దాటేశాడు. వాళ్ళకు పేర్లున్నాయి. రేపు నేను పోతే ఆ పేర్లు చెప్పేవాళ్ళెవరూ లేరు."

బాబా స్నానానికి పోయిన సమయం చూసి నేనే ఫోన్ మబ్రూక్ బాబా చేతికిచ్చి, నొక్కి, చెప్పమన్నాను. ఈసారి మరిచిపోవడం కాదు మామా. కావాలనే చేశాను. మబ్రూక్ బాబా లేచి నిలబడ్డాడు. నడుము పూర్తిగా నిలబడదు, అయినా నిలబెట్టాడు.

ఆ రోజు బాబా జ్వరంతో రాళ్ళ చాటున పడి ఉన్నాడట. ఇరవై రెండేళ్ళవాడు, అమ్మా అమ్మా అని కలవరిస్తున్నాడట. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. మిట్టమధ్యాహ్నం ఏడుగురు తోలు తిత్తులు తీసుకుని లోయలోకి దిగారు. ఐదుగురు తిరిగి వచ్చారు. "ఫరజ్‌కు తూటా తగిలాక కూడా తిత్తి వదల్లేదు. జుమా వాడిని లాగబోయి వాడి పక్కనే పడ్డాడు. ఆ తిత్తి మేమే పైకి మోసుకొచ్చాం. అందులో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. పారబోయలేదు. మేం అవే తాగాం. సయ్యిదీకి మాత్రం మంచి తిత్తిలోవి పట్టాం" అన్నాడు. అని, కూర్చుని, ఖర్జూరం చేతిలోకి తీసుకున్నాడు గానీ తినలేదు.

ఆ కాగితాలు శుక్రవారం వచ్చాయి. ముందుగా షంసా చదివింది. మా నాన్నకు వచ్చిన పతకం ఈ నీళ్ళ కథకే, వంటమనిషివి నువ్వెవరు దాన్ని లాక్కోవడానికి అంది. జూన్‌లో నా బతాకా గడువు అయిపోతుంది. ఆ కార్డు లేకుంటే ఈ దేశంలో ఉండనివ్వరు. కొత్తది చేయించం, ఇంటికి పంపించేస్తాం అని చెప్పింది. ఆశకు ఇంకా రెండేళ్ళ చదువుంది.

బాబా కాగితాలు తీసుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఇవాళ్టికి నాలుగు రోజులు. పుస్తకం లేదు, దగ్గు కూడా లేదు. మబ్రూక్ బాబా కహ్వాకు రావడం లేదు. రోజూ పదకొండింటికి రెండు గిన్నెలు కడిగి పెడుతున్నాను, అలాగే తీసి లోపల పెడుతున్నాను.

తప్పు చేశానా మామా?

మల్లి


చింతలకుంటపల్లె,
10 మే 2024

మల్లీ, నా తల్లీ,

ఫోటో చూశాను. ఆఫీసరే. ఆ గడ్డం పైకెత్తడం చూస్తేనే తెలుస్తోంది. నిన్ను అనుమానించినందుకు నన్ను రెండు మాటలు అనుకో, అక్కడితో వదిలెయ్.

నువ్వడగకుండానే నేనే నోరు జారాను కాబట్టి ఇక దాచి లాభం లేదు. నాకు తూటా తగల్లేదు. 1988లో, శ్రీలంకలో, నేను రేషన్ లారీలో వస్తుంటే గంపలోంచి ఒక కోడి బయటికి దూకింది. సుబేదారు గారి విందు కోసం తెస్తున్న కోడి. దాని వెనకే నేనూ దూకాను. లారీ ఆగలేదు. కాలు రెండు చోట్ల విరిగింది. కోడి దొరకలేదు.

మద్రాసు ఆసుపత్రిలో నా పక్క మంచం మీద జిలాని అని రాయచోటి వాడు ఉండేవాడు. వాడికి నిజంగానే తొడలో తూటా దిగింది. పడిపోయిన జవానును భుజాన వేసుకుని వస్తుంటే తగిలిందట. వాడొక్కడే కాదు, వాడు మోసినవాడూ బతికాడు. రెండు నెలలు ఆ కథ వింటూ పడుకున్నాను. నేను కర్రతో రాయచోటి బస్టాండులో దిగగానే మన ఊరివాళ్ళు చుట్టుముట్టి "ఏమప్పా చెన్నయ్యా, తూటానా?" అన్నారు. నేను ఔననలేదు మల్లీ. ఊరకే ఉన్నాను. ఆ ఊరకుండడమే మొదటి అబద్ధం, మిగతావి దాని పిల్లలు. బస్సు మన ఊరు చేరేటప్పటికి జిలాని తూటా నా కాల్లో ఉంది.

వాడు రాయచోటిలో ఆటో తోలుకుని బతికాడు. ఆరేళ్ళ కింద పోయాడు. నేను చూడ్డానికి పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోతాను? భార్య అక్తరీ బేగం ఉంది.

మీ అత్తకు కూడా ముప్పై ఆరేళ్ళుగా ఈ సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసింది. నేను రాస్తుంటే నా వెనక నిలబడి చదివింది. నవ్వడం మొదలుపెట్టి గంట దాటింది. బర్రెకు పాలు పిండాల్సిన పొద్దు, బర్రె అరుస్తోంది, ఈమె నవ్వుతోంది. "కోడికి దెబ్బలేమైనా తగిలెనా?" అని ఇప్పుడే అడిగింది.

నీ సంగతికి వస్తాను. తప్పు చేశావా అన్నావు. నువ్వు షంసా కాళ్ళు పట్టుకో, ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేశానని చెప్పు. మేనమామగా నా సలహా అది. ఆశ చదువు ముఖ్యం.

సైనికుడిగా అడిగితే మాత్రం చెరపొద్దు.

మీ మామ
చెన్నయ్య


రుస్తాఖ్,
30 మే 2024

మామకు దండాలు. అత్తకు రెండు దండాలు, పాపం ముప్పై ఆరేళ్ళు ఆ కాలికి నూనె రాసింది కదా.

నేను చెరపలేదు. నీ ఉత్తరం చేరేలోపే ఇక్కడ కథ ముందుకు పోయింది.

ఐదో రోజు ఉదయం బాబా తలుపు తీసి బయటికి వచ్చాడు. తలపాగా చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటి వెనక్కి నడిచాడు. నేను కహ్వా ఫ్లాస్కు పట్టుకుని వెంట పోయాను. ఆయన మబ్రూక్ బాబా మేకల దొడ్డిలోకి పోవడం నేను ఈ పదకొండేళ్ళలో చూడలేదు. మబ్రూక్ బాబా మేకలకు నీళ్ళు పెడుతున్నాడు. ఈయన్ని చూసి నిలబడ్డాడు.

"నేను అబద్ధమాడుతున్నానా మబ్రూక్?"

"లేదు సయ్యిదీ. ఆ రోజు మీకు జ్వరం. జ్వరంలో మనిషి ఎక్కడెక్కడికో పోయి వస్తాడు."

"యాభై ఏళ్ళు ఎందుకు ఊరుకున్నావు?"

"మీరు అడగలేదు."

బాబా జేబులోంచి పతకం తీసి ఆయన ముందు పెట్టాడు. మబ్రూక్ బాబా దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది. కానీ ఇది పెట్టుకుంటే మేకలు బెదురుతాయి" అని తిరిగి ఇచ్చేశాడు.

బాబా అక్కడే బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఆయన బకెట్టు మీద కూర్చుంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. కాసేపటికి అన్నాడు: "నాకు గుర్తుంది మబ్రూక్. జ్వరం ఉన్నా గుర్తుంది. నువ్వు తిత్తి నా నోటికి పెట్టావు. మీరు తాగేది కూడా చూశాను. పతకం ఇచ్చిన రోజు చెప్దామనుకున్నాను. నాన్న వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు."

మబ్రూక్ బాబా ఆయన భుజం మీద పడిన గడ్డిపరక తీసేశాడు.

"వాళ్ళ పేర్లు చెప్పు" అన్నాడు బాబా.

"ఫరజ్ బిన్ సాలం. జుమా బిన్ ఖమీస్."

బాబా ఆ రెండు పేర్లూ రెండుసార్లు అనుకుని, నా వైపు తిరిగి, "మల్లీ, రికార్డు నొక్కు" అన్నాడు. నేను దొడ్డి గేటు దగ్గరే నొక్కేశానని చెప్పలేదు. ఇప్పుడే నొక్కినట్టు వేలు ఆడించాను.

ఇప్పుడు పుస్తకం ఎట్లా నడుస్తోందంటే, బాబా ఒక పేరా చెప్తాడు, దాని కింద 'మబ్రూక్ అంటున్నాడు' అని ఈయన దిద్దుతాడు. నీళ్ళ అధ్యాయం ఒక్కటే దిద్దమని బాబా అన్నాడు. అన్నీ దిద్దుతానని మబ్రూక్ పట్టుపట్టాడు. రోజూ తగాదాయే. నిన్న ఒక కొండ ఎత్తు గురించి గంటన్నర కొట్లాడి, చివరికి ఇద్దరూ అలిగి, ఒకే పళ్ళెంలో అన్నం తిన్నారు. పుస్తకం పేరుకూ తంటా వచ్చింది. 'నా నల్ల సైనికులు' అంటే, "నా అంటే ఎవరి?" అన్నాడు మబ్రూక్. 'నా' పోయింది. "ముప్పై మందికి ముప్పై పేర్లుండగా నల్ల ఎందుకు?" అన్నాడు. 'నల్ల' పోయింది. ఇప్పుడు 'సైనికులు' ఒకటే మిగిలింది. అందులో వంటవాడు ఒకడున్నాడు, వాడిని సైనికుడనవచ్చా అని బాబానే సందేహం లేవనెత్తాడు. నేను కూడా వంటదాన్నే కాబట్టి, అనవచ్చని ఓటు వేశాను.

మొన్న బాబా అలవాటుగా "మా పిల్ల మల్లి" అని చెప్పబోతే, "దానికి నలభై ఆరేళ్ళు సయ్యిదీ" అని మబ్రూక్ అదీ దిద్దాడు.

ఇక నా బతాకా. షంసా మళ్ళీ ఆ మాట ఎత్తింది. బాబా ఆమెతో, "పుస్తకం పూర్తయ్యేదాకా మల్లి ఇక్కడి నుంచి కదలదు. ఇది ఆర్డరు" అన్నాడు. కార్డుకు కాగితాలు పెట్టారు, రెండేళ్ళకు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మబ్రూక్ బాబాకు రోజుకో కొత్త సంగతి గుర్తుకొస్తోంది. ఆ యుద్ధంలో జరగనివి కూడా గుర్తుకొస్తున్నాయేమో అని నా అనుమానం. బాబాకు ఇది తెలియకపోలేదు. నిన్న తనంతట తనే తప్పిపోయిన ఒక గాడిద గురించి ఇరవై పేజీలు చెప్పాడు. "అక్కా, గీ గాడిద ఎప్పుడు దొరుకుతది?" అని నసీరుద్దీన్ అడుగుతున్నాడు. ఆశ చదువయ్యేదాకా దొరకదని చెప్పాను.

నీ కోడి సంగతి ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది నేను కాదు కదా.

నీ మేనకోడలు
మల్లీశ్వరి


చింతలకుంటపల్లె,
18 ఆగస్టు 2024

చిరంజీవి మల్లీశ్వరికి,

మీ అత్త హాజరు. ఆశ కూడా మొన్న వచ్చింది, ఉలవచారు మూడు రోజులుగా నడుస్తోంది.

నీ ఉత్తరంలో చివరి వరస నన్ను రెండు నెలలు కూర్చోనివ్వలేదు. ఈ నెల మొదటి వారంలో బస్సెక్కి రాయచోటి పోయాను. అక్తరీ బేగం ఇల్లు వెతికి పట్టుకున్నాను. చిన్న ఇల్లు, కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నేను ఎవరినో చెప్పి, అమ్మా, నీ భర్త తూటా ముప్పై ఆరేళ్ళుగా నా దగ్గర ఉంది, తిరిగి ఇచ్చిపోదామని వచ్చాను అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "ఏం తూటా అన్నా? ఆయనది బాత్రూంలో జారిపడిన దెబ్బ గదా. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడే జెప్పినాడు, సబ్బు మీద కాలేసి పడితిని అని" అంది.

విన్నావా మల్లీ. లారీ మీంచి పడ్డవాణ్ణి నేను తూటా అని చెప్పుకుంటే, తూటా తగిలినవాడు సబ్బు అని చెప్పుకున్నాడు. అప్పుడు ఆమె నిండు నెలలతో ఉందట, భయపడుతుందని దాచి ఉంటాడు. తర్వాత చెప్పడం కుదరలేదేమో, చెప్పాలని అనిపించలేదేమో. ఆమె మిషను ఆపి, "మొదట్నుంచి జెప్పన్నా" అంది. చెప్పాను. పదకొండు పేజీల్లో నాది తీసేస్తే వాడిది పేజీన్నర మిగిలింది. అదంతా చెప్పాను.

సునీత మేడంతో కూడా చెప్పేశాను. ఆమె "రాయి చెక్కేసినారు గద సార్, ఇప్పుడెట్ల?" అంది. రాయికి రెండు వైపులుంటాయని మీ అత్త గుర్తుచేసింది. రాయి తిప్పించాం. బయటి వైపు 'సిపాయి జిలాని వేదిక' అని చెక్కించాం. నా పేరు గోడ వైపు ఉంది, సున్నం లోపల భద్రంగా.

పంద్రాగస్టుకు జెండా అక్తరీ బేగం ఎగరేసింది. నేను మైకు ముందు నిలబడి జిలాని సంగతి చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత నా కాలి సంగతి చెప్పాను. కోడి దూకిన దగ్గర నుంచి మొదలైన నవ్వు ఆగలేదు. ముప్పై ఏళ్ళలో నా మాటకు అంత గొడవ ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు నేను వీధిలో పోతుంటే "తాతా, కోడి యాడ?" అని అరుస్తున్నారు. అవమానంగా ఉంటుందనుకున్నాను. ఉంది కూడా, కానీ నడక తేలికగా ఉంది.

ఇంకొక్క సంగతి నీతో మాత్రమే చెప్పాలి. ఆ రోజు రాయచోటిలో, నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే అక్తరీ బేగం గుమ్మం దగ్గరికొచ్చి అడిగింది. "అన్నా, అంత నొప్పిలో ఆయన నన్ను తలుసుకున్నాడా?"

నిజానికి ఆ రెండు నెలలూ జిలాని డాక్టర్లను తిట్టాడు, నర్సులను తిట్టాడు, గురక పెడుతున్నానని నన్ను తిట్టాడు, ఆసుపత్రి ఉప్మాను తల్లి కడుపు మాడా అని తిట్టాడు. భార్య పేరు ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు.

"రోజూ తలుచుకునేవాడమ్మా" అని చెప్పి బస్సెక్కాను.

మీ మామ
చెన్నయ్య